రాత్రి తొమ్మిదిన్నరకు సెల్లు గూట్లోకి: టీనేజీ పిల్లల ఫోను వాడకాన్ని దారిలో పెట్టే పద్ధతి

చాలా ఇళ్లల్లో ఈ పని కోపంతో మొదలవుతుంది. యూనిట్ టెస్టులో మార్కులు తగ్గాయనో, అన్నానికి నాలుగుసార్లు పిలిచినా లేవలేదనో ఒక రాత్రి నాయిన సెల్లు గుంజుకుని బీరువాలో పెడతాడు. మూడోనాటికి కాలేజీ గ్రూపులో రికార్డు వర్కు వచ్చిందంటాడు పిల్లాడు. ఇవ్వక తప్పదు. ఇచ్చేటప్పుడు షరతేమీ ఉండదు కాబట్టి వారం తిరిగేసరికి కథ మొదటికొస్తుంది. మూడు రోజులు ఓర్చుకుంటే చాలని మాత్రం పిల్లాడికి తెలిసిపోతుంది.

కింద చెప్పే పద్ధతికి ఆరు వారాలు పెట్టుకోండి. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, అంటే 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు సరిపోతుంది. ‘రోజుకు ఎన్ని గంటలు’ అన్న ప్రశ్న ఇందులో చివరికి వస్తుంది. ముందు చూడాల్సింది ఫోను దేన్ని పక్కకు నెడుతోందన్నది: నిద్రనా, ఆటనా, చదువునా, ఇంట్లోవాళ్లతో మాటనా? సాయంత్రం రెండు గంటలు క్రికెట్ వీడియోలు చూసి పదింటికి పడుకునే పిల్ల ఒకరు. అర్ధరాత్రి దుప్పటి కింద ఒక్క గంట రీల్స్ చూసే పిల్ల ఇంకొకరు. లెక్కలో మొదటి పిల్లదే ఎక్కువ, నష్టం రెండో పిల్లకు ఎక్కువ.

లెక్కలను కొట్టిపారేయమని కాదు. సోషల్ మీడియాలో రోజుకు 3 గంటలు దాటి గడిపే 12–15 ఏళ్ల పిల్లల్లో దిగులు, ఆందోళన వంటి మానసిక ఇబ్బందుల ముప్పు రెట్టింపు కనిపించిందని అమెరికా ప్రభుత్వ ముఖ్య ఆరోగ్య సలహాదారు అయిన సర్జన్ జనరల్ 2023లో ఇచ్చిన హెచ్చరిక పత్రం చెప్పింది. అయితే ఫోను వల్లే దిగులు వచ్చిందని దాంతో తేలిపోదు. దిగులుగా ఉన్న పిల్లలు ఫోనులో తలదాచుకోవడమూ ఉంటుంది. మన ఊళ్ల సంగతికి దగ్గరగా ఉన్నది పల్లె పిల్లల చదువు మీద జరిగే ‘అసర్’ 2024 సర్వే. దేశంలోని పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో సర్వేకు ముందు వారం చదువు కోసం ఫోను వాడినవాళ్లు 57 శాతమైతే, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ‘చదువుకే కొనిచ్చినం’ అనే మాటకు ఎదురుగా ఈ రెండు అంకెలు పెట్టుకుని మొదలుపెడితే తర్వాత ఆశ్చర్యాలు తక్కువ.

మొదటి వారం: ఏమీ మార్చొద్దు, రాసుకోండి

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి కిందికి వెళ్తే ‘డిజిటల్ వెల్‌బీయింగ్ అండ్ పేరెంటల్ కంట్రోల్స్’ ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్‌లో పైనున్న వెతుకు గడిలో ‘స్క్రీన్ టైమ్’ అని కొట్టండి. లోపల డాష్‌బోర్డ్ నొక్కితే ఏ యాప్ ఎంతసేపో వస్తుంది. అక్కడే మరో రెండు అంకెలు దొరుకుతాయి: ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారు, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి. గంటల కంటే ఈ రెండే ఎక్కువ చెబుతాయి. రోజుకు నూరుసార్లు తెరిచే పిల్లకు చదువు మీద కుదురు ఎందుకు ఉండటం లేదో వేరే విడమరచి చెప్పక్కర్లేదు.

నోటుబుక్కులో ఒక పేజీకి నాలుగు గీతలు కొట్టండి: పడుకున్న టైము, లేచిన టైము, అన్‌లాకులు, ఎక్కువసేపు నడిచిన యాప్. ఉదాహరణకు ఒక రోజు ఇలా ఉండొచ్చు: ‘మంగళవారం – 12:20 – 6:30 – 94 – ఇన్‌స్టా, 1 గం. 50 ని.’ రాసేది పిల్లలే, పెద్దలు కాదు. పక్క పేజీలో అమ్మ, నాయిన తమవి రాసుకోవాలి. ఈ రెండో పేజీ లేని ఇళ్లల్లో ఈ పని రెండో వారం దాటి నడవడం కష్టం. తిట్టకూడదు, అంకె చూసి నిట్టూర్చకూడదు. మొదటి రోజే ‘ఛీ, నాలుగు గంటలా!’ అంటే రెండో రోజు నుంచి వచ్చేవి దొంగ లెక్కలు.

ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను ఉంటే డాష్‌బోర్డ్ లెక్క అందరిదీ కలిపి వస్తుంది. అప్పుడు పిల్ల చేతిలోకి తీసుకున్న టైము, తిరిగి ఇచ్చిన టైము రాస్తే చాలు. కొన్ని ఫోన్లలో ‘సెకండ్ స్పేస్’, ‘ప్రైవేట్ స్పేస్’, ‘సెక్యూర్ ఫోల్డర్’ పేర్లతో చాటు అర ఒకటి ఉంటుంది. అందులో పెట్టిన యాప్‌లు మామూలుగా చూస్తే కనబడవు. ఉందని తెలుసుకోండి గానీ మొదటి వారమే పోలీసు తనిఖీకి దిగకండి.

రెండో వారం: రాత్రి

మొత్తం పనిలో సగం బలం ఇక్కడే ఉంది. ఇదొక్కటే చేసి మిగతావి వదిలేసినా తేడా తెలుస్తుంది.

13–18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఈ వయసులో శరీరంలోని గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ పెద్దవాళ్లకంటే, చిన్నపిల్లలకంటే ఆలస్యంగా ఊరుతుంది. కాబట్టి తొమ్మిదింటికి నిద్ర రావట్లేదంటే అది మొండితనం కాదు. అయితే బడి బస్సు ఏడున్నరకే వస్తుంది. ఆ రెండింటి మధ్య నలిగేది నిద్ర. అందులోకి ఫోను దూరితే వెలుతురు కొంత చెడు చేస్తుంది, ‘ఇంకొక్కటి చూస్త’ అనిపించే వీడియోల వరుస ఇంకా ఎక్కువ చెడు చేస్తుంది.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు తోడైంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకుల్లో కొత్త డేటా రాత్రి 12కు పడుతుంది. మోస్తరు నాణ్యతలో గంట వీడియోకు సుమారు అర జీబీ పైన పోతుంది. సాయంత్రానికే డేటా అయిపోయిన పిల్లలు పన్నెండు కొట్టేదాకా మేల్కొని కూర్చోవడానికి కారణం ఇదే. పొద్దున కళ్లు ఎర్రగా ఉంటే ‘రాత్రంతా చదివిండు’ అనుకునే ముందు ప్యాకు వివరం చూడండి.

చేయాల్సింది ఇది. ముందు గదిలో, అందరికీ కనబడే గూట్లోనో టీవీ పక్కనో ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టండి. ఇంట్లో ఎన్ని ఫోన్లుంటే అన్ని ప్లగ్గులు ఉండాలి. రాత్రి 9:30కు అన్నీ అక్కడికి చేరాలి, పొద్దున పళ్లు తోముకుని టిఫిన్ అయ్యేదాకా కదలొద్దు. నాయిన ఫోను కూడా అక్కడే. రాత్రి డ్యూటీ ఉన్నవాళ్లు, పొలానికి నీళ్లు కట్టే కరెంటు వేళ చూసుకునేవాళ్లు రింగు సౌండు పెంచి అదే గూట్లో పెట్టుకోవచ్చు. మంచం మీదికి మాత్రం తేవద్దు. దిండు కింద పెట్టి ఛార్జింగ్ పెట్టే అలవాటుంటే వెంటనే మాన్పించండి. బ్యాటరీ వేడి బయటికి పోయే దారి ఉండదు.

‘పొద్దున లేవనీకి అలారం అందులనే ఉంది’ అన్న సాకు తప్పకుండా వస్తుంది. అందుకే బోర్డు పెట్టే రోజే చిన్న టేబుల్ గడియారం కొని పెట్టండి. నల్లగొండ, పాలమూరు బజార్లలో తక్కువ ధరకే దొరుకుతుంది. ‘నోట్సు ఫోనుల ఉంది’ అంటే అది నిజమే కావచ్చు. ఆ పీడీఎఫ్‌ను సాయంత్రమే జిరాక్స్ షాపులో ప్రింటు తీయించండి. కాలేజీ గ్రూపులో రాత్రి పదింటికి హోంవర్క్ పంపే సారు ఉంటే నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్లి ఏడింటిలోపు పంపమని అడగాలి. ఒక్కరు అడిగితే ఫిర్యాదులా వినబడుతుంది.

ఒకటే గది ఉన్న ఇంట్లో గూడు కూడా చేతికందే దూరంలోనే ఉంటుంది. అక్కడ ఫోను స్విచాఫ్ చేసి స్టీలు డబ్బాలో పెట్టి మూత పెట్టండి. మూత తీస్తే చప్పుడవుతుంది, ఆ మాత్రం అడ్డు చాలు.

మొదటి నాలుగైదు రాత్రులు కోపం, విసుగు, ‘నిద్ర పడ్తలే’ అన్న మాట ఉంటాయి. అప్పుడు పెద్దలు ఒక్కరోజు జాలిపడి వదిలితే మరుసటి రోజు గొడవ రెట్టింపవుతుంది. ఎంత అరిస్తే దొరుకుతుందో కొలత తెలిసింది కదా. తొమ్మిదిన్నర మరీ ముందు అనిపిస్తే పది అని మొదలుపెట్టండి గానీ, మొదలుపెట్టాక జరపకండి.

మూడో వారం: ఫోను లోపల సర్దుడు

ముందుగా పుట్టిన తేదీ చూడండి. ఇది ఎవరూ చూడరు. ఫోను కొన్నప్పుడు షాపు అబ్బాయి హడావుడిలో ఏదో ఒక సంవత్సరం కొట్టి జీమెయిల్ తెరిచి ఇస్తాడు. ఆ లెక్కన తొమ్మిదో తరగతి పిల్ల గూగుల్‌కు ముప్పై ఏళ్ల మనిషి. పెద్దలకు చూపే వీడియోలన్నీ చూపిస్తుంది, పిల్లలకుండే కాపుదల ఒక్కటీ పనిచేయదు. గూగుల్ అకౌంట్‌లో ‘పర్సనల్ ఇన్ఫో’ తెరిచి అసలు తేదీ పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అంతే. అక్కడ 13–17 ఏళ్ల వాళ్లకు ‘టీన్ అకౌంట్’ అని వేరే ఉంది, మన దేశానికి 2025 ఫిబ్రవరిలో వచ్చింది. అకౌంట్ దానంతటదే ప్రైవేటు అవుతుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, 60 నిమిషాలు దాటితే చాలించమని గుర్తుచేస్తుంది, రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా నోటిఫికేషన్లు మూగబోతాయి. 16 ఏళ్లలోపు వాళ్లు వీటిని సడలించాలంటే పెద్దల అనుమతి కావాలి. ఇవన్నీ అసలు వయసు ఉంటేనే.

తర్వాత నోటిఫికేషన్లు. ఫోన్ కాల్స్, ఇంటివాళ్ల వాట్సాప్, కాలేజీ గ్రూపు – ఈ మూడు ఉంచి మిగతావన్నీ ఆపేయండి. రెండు వారాల్లో అన్‌లాక్ అంకె ఎంత తగ్గిందో పిల్లలే నోటుబుక్కులో చూసుకుంటారు. వాట్సాప్‌లో ప్రైవసీ కింద ‘గ్రూప్స్’ నొక్కి ‘మై కాంటాక్ట్స్’ పెడితే ఎవరుపడితే వాళ్లు గ్రూపుల్లో చేర్చడం ఆగుతుంది.

యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపండి. వాచ్ హిస్టరీ తుడిచి, ఆపేస్తే ఇంకో లాభం: మొదటి పేజీ దాదాపు ఖాళీగా కనిపిస్తుంది, పాఠం కావాలంటే వెతుక్కుని చూడాలి. ఇంటర్ పిల్లలకు ఇది బాగా పనిచేస్తుంది. పాఠాలకు టీ-శాట్ యాప్ ఉండనే ఉంది. తెలంగాణ ప్రభుత్వానిది, పక్కన నోరూరించే బొమ్మల వరుస ఉండదు.

యాప్ టైమర్ల సంగతి నిజం చెప్పాలి. డాష్‌బోర్డ్‌లో యాప్ పక్కనున్న గుర్తు నొక్కి 30 నిమిషాలు పెట్టొచ్చు. పెట్టిన పిల్లాడే పది సెకన్లలో తీసేయొచ్చు కూడా. అది తాళం కాదు, గుర్తుచేసే గంట మాత్రమే. తాళం కావాలంటే ‘ఫ్యామిలీ లింక్’ యాప్ పెద్దల ఫోనులో వేసుకుని, పిల్ల ఫోనులో గూగుల్ సెట్టింగ్స్‌లోని ‘పేరెంటల్ కంట్రోల్స్’ ద్వారా కలపాలి. 13 దాటి సొంత అకౌంట్ ఉన్నవాళ్లయితే వాళ్లూ ఒప్పుకోవాలి. పదమూడేళ్ల వాళ్లకు సరే గానీ పదిహేడేళ్ల వాళ్లకు దీనికంటే గూటి ఒప్పందమే మేలు. ఇంకో ఏడాదికి హైదరాబాద్‌లో హాస్టల్‌కు పోయే పిల్లకు తాళం అలవాటు చేసి లాభం లేదు.

బతుకుదెరువుకు ముంబైకో పుణెకో పోయిన తల్లిదండ్రులకు మాత్రం ఫ్యామిలీ లింక్ నిజంగా అక్కరకొస్తుంది. ఎంత దూరం నుంచైనా రాత్రి ‘డౌన్‌టైమ్’, అంటే ఫోను లాకయ్యే వేళ, పెట్టొచ్చు. ఊళ్లో తాత, అవ్వ దగ్గర పెరిగే పిల్లల ఇంట్లో అసలు కంత వేరేచోట ఉంటుంది: అవ్వ ఫోనుకు లాక్ ఉండదు, లేదా ఆ నంబరు మనవడే పెట్టి ఉంటాడు. వీడియో కాల్ కోసం కొనిచ్చిన ఆ ఫోనే రాత్రి దుప్పటి కిందికి చేరుతుంది. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు దానికి వేలిముద్ర పెట్టించి పాత నంబరు మార్చండి.

డబ్బు

ప్లే స్టోర్‌లో సెట్టింగ్స్ తెరిచి, కొన్న ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ఫోన్‌పే, గూగుల్ పేలలో ‘ఆటోపే’ తెరిచి నెలనెలా కోత పడేవి ఏమైనా ఉన్నాయేమో చూడండి. యూపీఐ పిన్ పిల్లలకు తెలిసిపోయి ఉంటే ఈ రోజే మార్చండి. ఆటల్లో తుపాకుల రంగులకూ డైమండ్లకూ యాభై, నూరు చొప్పున పోయేది బ్యాంకు మెసేజ్‌లలోనే కనిపిస్తుంది. పైసలు పెట్టి ఆడే రమ్మీ వంటి వాటిని తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం చట్టం చేసింది. ‘గెలిస్తే పైసలొస్తయ్’ అనే లింకు టెలిగ్రామ్‌లో వస్తే అది మోసమనే అనుకోవాలి.

ఫోటో పెట్టి బెదిరిస్తే

ఇది అందరింట్లో జరగదు, జరిగిన ఇంట్లో మాత్రం గంటలే లెక్క. ఎవరో ఆన్‌లైన్‌లో పరిచయమై, బట్టల్లేని ఫోటో అడిగి, తర్వాత ‘పైసలు పంపు, లేదంటే మీ చుట్టాలందరికీ పంపుతా’ అంటారు. కొన్నిసార్లు అసలు ఫోటో కూడా ఉండదు, మొహం అతికించిందే ఉంటుంది. పిల్ల వచ్చి చెప్పినప్పుడు అమ్మ నోట మొదట రావాల్సిన మాట: ‘మంచి పని చేసినవ్ బిడ్డా, నాకు చెప్పినవ్. తప్పు వాంది, నీది కాదు.’ తిట్లు, ‘సెల్లెందుకు పట్టినవ్’ అన్న ప్రశ్నలు ఆ రోజుకు వద్దు. చెబితే ఫోను పోతుందన్న భయంతోనే పిల్లలు చెప్పకుండా డబ్బు కడుతూ పోతారు.

పైసలు పంపొద్దు. ఒకసారి పంపితే రెండోసారి అడుగుతారు. చాట్ తుడిచేయొద్దు, అదే సాక్ష్యం. వాడి ప్రొఫైల్ పేరు, ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి మీ ఫోనుకు పంపుకోండి. ఆ తర్వాతే రిపోర్టు కొట్టి బ్లాక్ చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ ఖాతా దగ్గర డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకు వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. జిల్లా షీ టీమ్‌ను, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌నూ అడగొచ్చు. 18 ఏళ్లలోపు వాళ్ల ఫోటో విషయంలో పోక్సో చట్టం వర్తిస్తుంది, అబ్బాయి అయినా సరే. ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో ఎక్కడికీ పంపకుండానే దానికొక గుర్తు తయారుచేసి, చేరిన సైట్లలో అది ఎక్కకుండా చూస్తుంది.

ఇలాంటి భయంతోనే చాలా ఇళ్లల్లో ఆడపిల్ల దగ్గర ఫోను పూర్తిగా గుంజేసి అన్నకు మాత్రం వదిలేస్తారు. ఇది న్యాయమూ కాదు, పనీ చేయదు. ఆ పిల్ల స్నేహితురాలి ఫోనులో అకౌంట్ తెరుస్తుంది, అక్కడేం జరిగినా మీకు తెలిసే దారి ఉండదు. గూడు ఇద్దరికీ ఒకటే, టైమూ ఒకటే.

నాలుగు, ఐదు వారాలు: ఖాళీ అయిన వేళలో ఏం పెట్టాలి

ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు. రెండు గంటలు తీసేసి ఆ జాగాలో ఏమీ పెట్టకపోతే ఫోను తిరిగి వచ్చేస్తుంది. 5–17 ఏళ్ల పిల్లలకు రోజుకు 60 నిమిషాలైనా ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ఫోను గూట్లో, పిల్ల బయట. బడి గ్రౌండులో వాలీబాల్, కబడ్డీ, సైకిల్, ఏదైనా సరే. పగటి వెలుతురులో దూరపు చూపు కంటికి కూడా కావాలి. ఒంటరిగా ‘పో, ఆడుకో’ అంటే పోరు. ఇంకో ఇద్దరు పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడి ముగ్గురికీ ఒకే వేళ పెడితే పోతారు. ఫోను కింద పెట్టి ఒంటరిగా కూర్చోవడం కంటే, నలుగురిలో ఆటలో ఉంటే ఫోను మర్చిపోవడం తేలిక.

చదివేటప్పుడు తెర చూడక తప్పకపోతే ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్లు, 20 అడుగుల దూరంలోని చెట్టునో గోడనో చూడమనండి. ఫోనును మోచేతి దూరంలో పట్టుకోవాలి.

గురుకులాల్లో, కస్తూరిబా బడుల్లో ఉండే పిల్లలది వేరే దారి. అక్కడ ఫోను ఉండదు. దసరా సెలవులకు ఇంటికి రాగానే మూడు నెలల ఆకలి ఒక్కసారి తీర్చుకుంటారు. మొదటి రెండు రోజులు చూసీచూడనట్టు పోనివ్వండి, రాత్రి గూడు తప్ప. మూడో రోజు నుంచి మామూలు నియమం. సెలవులు అయ్యే ముందు నాలుగు రోజులు పడుకునే వేళను రోజుకు అరగంట చొప్పున హాస్టల్ వేళకు తెండి, లేదంటే అక్కడ మొదటి వారం క్లాసులో కునికిపాట్లే.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి

వీడియో ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగానే గుర్తించింది. ఆపలేకపోవడం, అన్నిటికంటే ఆటే ముందు కావడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం – ఇవి సాధారణంగా ఏడాదిపాటు ఉంటే ఆ పేరు పెడతారు. అంతదాకా ఆగమని కాదు. బడి మానేయడం, తిండి తప్పడం, ఫోను తీసుకుంటే కొట్టడం లేదా వస్తువులు పగలగొట్టడం, రెండు వారాలు దాటిన దిగులు – వీటిలో ఏది కనిపించినా చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416, ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యుల ఓపీ ఉంటుంది. ‘సచ్చిపోత’ అన్న మాట కోపంలో వచ్చినా బెదిరింపు అని కొట్టిపారేయొద్దు. ఆ రాత్రి పిల్లను ఒంటరిగా వదలకండి, పత్తి మందు, గడ్డి మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, అదే రోజు ఫోన్ చేయండి.

ఆరో వారం: తిరగరాయడం

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక మొదటి వారం పేజీ, ఐదో వారం పేజీ పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. పడుకున్న టైము ఎంత ముందుకొచ్చిందో ముందు చూడండి, అన్‌లాకులు తర్వాత, గంటలు ఆఖరుకు. నిద్ర 8 గంటలకు చేరి, బయటి ఆట రోజూ సాగుతూ, చదువు నడుస్తుంటే మిగిలిన గంటల మీద గొడవ పెట్టుకోకండి. చేరకపోతే గూటి వేళ అరగంట ముందుకు జరపండి. పిల్లలు ఒక నియమం మార్చమని అడగొచ్చు, పెద్దలు ఒకటి మార్చొచ్చు, చెరి ఒకటే. శనివారం రాత్రి పదిన్నర దాకా కావాలని అడుగుతారు, ఇవ్వొచ్చు. పరీక్షల నెలలో ఇన్‌స్టా తీసేద్దామని పిల్లలే అనడమూ ఉంటుంది. మార్చి పరీక్షలయ్యాక తిరిగి వేసుకునే తేదీ కూడా అప్పుడే రాయండి, లేదంటే ఏప్రిల్‌లో మళ్లీ అదే గొడవ. రాసిన కాగితం కింద ఇద్దరూ సంతకం పెట్టి గూటి లోపలి గోడకు అతికించండి, ఫోను తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ కనబడుతుంది.